నెమ్ము తెల్లగా వస్తే...

ఛాతీలో చేరిన నీరంతా ఒకటి కాదు. పాలరంగు నీటిని మొదటి రోజే పోల్చుకుంటే రోగికి నెలల కష్టం తప్పుతుంది. అందుకు కావలసిన పరీక్ష జిల్లా ఆస్పత్రి స్థాయిలోనే చేయగలిగిందే.

మంచం అంచున కూర్చుని, ముందున్న బల్ల మీది దిండుకు చేతులు ఆనించి వాలాడాయన. చొక్కా తీసేశారు. వీపు కుడి పక్కన, పక్కటెముకల సందున మొదట మత్తు సూది, ఆ తర్వాత పొడవాటి సూది. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో నీళ్ల సీసా. నెల రోజులుగా ఆయాసం. నాట్లప్పటి అలసట అనుకున్నారు మొదట. తర్వాత పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చోవడం మొదలైంది. ఎల్లారెడ్డిలో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కనిపించాల్సిన చోట సగం దాకా తెలుపే. ‘‘నెమ్ము చేరింది, కామారెడ్డికి పొండి’’ అన్నారు.

డాక్టర్ సిరంజి పిడి వెనక్కి లాగారు. లేత పసుపు నీరు వస్తుందని అందరి అంచనా. వచ్చింది చిక్కగా, తెల్లగా, వాసన లేకుండా.

‘‘ఇదేంది సార్, పాల లెక్క ఉన్నది?’’ భార్య గొంతు వణికింది.

‘‘చీము పట్టిందా సార్?’’ నర్సు మెల్లగా అడిగింది.

ఇది ఫలానా వ్యక్తి కథ కాదు. జబ్బు తీరు చెప్పడానికి అల్లిన దృశ్యం. అయితే ఆయాసం, ఎక్స్‌రే, సూది, ఆ తెల్లటి నీటిని చూసి అందరూ తడబడిన ఆ క్షణం మాత్రం ఈ జబ్బులో తరచూ ఎదురయ్యేవే. వైద్యులు దీన్ని కైలోథొరాక్స్ అంటారు. పేగుల నుంచి కొవ్వును మోసుకొచ్చే శోషరసం దారిలోనే కారిపోయి, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య పేరుకోవడమే ఈ జబ్బు. అరుదైనదే. అరుదైనది కనుకే గుర్తుకు రాదు.

కామారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023 సెప్టెంబర్ 15న మొదలైంది. అప్పటి నుంచి జిల్లాలో ఒకటే చర్చ: ఏ జబ్బుకు ఇక్కడే వైద్యం అందుతుంది, దేనికి హైదరాబాద్ బస్సెక్కాలి? ఆ చర్చకు ఈ జబ్బును మించిన ఉదాహరణ దొరకదు. దీని చికిత్సలో కొంత భాగం మహానగరంలోనే సాధ్యం. కానీ జబ్బును పసిగట్టే పని, రోగిని నిలబెట్టే తిండి విషయం మాత్రం కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో, ఇంటి వంటగదిలో తేలాలి.

కొవ్వు నడిచే దారి

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం, పప్పులోని మాంసకృత్తులు పేగుల్లో అరిగి నేరుగా రక్తంలో కలుస్తాయి, అక్కడి నుంచి కాలేయానికి చేరతాయి. నూనె, నెయ్యి, మీగడ, మాంసపు కొవ్వు దారి వేరు. అవి సన్నటి బిందువులుగా మారి పేగు గోడల్లోని శోషనాళాల్లోకి దిగుతాయి. భోజనం తర్వాత ఆ నాళాలు తెల్లబడతాయి. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పరె అసెల్లీ అప్పుడే తిన్న కుక్క పొట్ట కోసినప్పుడు పేగుల చుట్టూ తెల్లటి గీతలు కనిపించాయి. మొదట నరాలనుకున్నాడు. ఒకదాన్ని కోస్తే తెల్లటి రసం ఉబికింది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 1651లో, ఫ్రెంచి వైద్యుడు జాఁ పెకే ఆ రసం చివరికి ఎటు వెళ్తుందో ప్రపంచానికి చెప్పాడు.

అది వెళ్లేది థొరాసిక్ డక్ట్ అనే నాళంలోకి. పొట్టలో వెన్నెముక ముందు మొదలై, గుండె వెనుక నుంచి పైకి పాకి, ఛాతీ మధ్యలో కుడి నుంచి ఎడమకు దాటి, మెడ అడుగున ఎడమ వైపు పెద్ద సిరలో కలుస్తుంది. పొడవు 38 నుంచి 45 సెంటీమీటర్లు. వెడల్పు సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లే. కుడి చేయి, కుడి ఛాతీ, తల కుడి భాగం తప్ప శరీరమంతటి శోషరసం ఇందులోనే ప్రవహిస్తుంది. పెద్దవాళ్లలో రోజుకు ఒకటిన్నర నుంచి రెండున్నర లీటర్లు.

నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రధాన కాలువకు గండి పడితే చివరి పొలం ఎండుతుంది, గండి పక్కనున్న చేను మునుగుతుంది. ఇక్కడా అంతే. మునిగేది ఊపిరితిత్తి, ఎండేది ఒళ్లంతా. గండి పూడ్చాలంటే ముందు పైనుంచి నీటి వడి తగ్గించాలి. ఈ జబ్బు చికిత్సకు కూడా అదే మొదటి మెట్టు.

శోషరసంలో కొవ్వు ఒక్కటే ఉండదు. మాంసకృత్తులు, రోగాలతో పోరాడే లింఫోసైట్లు, యాంటీబాడీలు, ఎ, డి, ఇ, కె విటమిన్లు దండిగా ఉంటాయి. నీరు తీసిన ప్రతిసారీ ఊపిరి తేలికవుతుంది, రోగి బాగుపడ్డాననుకుంటాడు. కారుతున్నది ఆగనప్పుడు తీసిన ప్రతి లీటరుతో పాటు పోషణా పోతుంది. వారాలు గడిచేసరికి కండ కరిగి, కాళ్లు వాచి, చిన్న ఇన్‌ఫెక్షన్‌కే మనిషి కూలబడే స్థితి వస్తుంది. రోగిని దెబ్బతీసే విషయంలో ఆయాసం కన్నా ఈ పోషణ లేమి బలమైనది.

ఎందుకు తెగుతుంది?

దాదాపు సగం కేసుల్లో కారణం ఆపరేషన్ లేదా దెబ్బ. అన్నవాహిక క్యాన్సర్‌కు, గుండెకు, ఊపిరితిత్తికి ఆపరేషన్ చేసేటప్పుడు ఈ సన్నటి నాళం కంటికి ఆనక తెగవచ్చు. పుట్టుకతో గుండె లోపాలున్న పసివాళ్లకు చేసే ఆపరేషన్ల తర్వాత ఇది తెలిసిన ఇబ్బందే.

కామారెడ్డి గుండా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస విరిగినా, ఛాతీ నలిగినా నాళం చిట్లవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రమాదం జరిగిన రోజు రోగి ఏమీ తినడు. శోషరసం ప్రవాహం తక్కువగా ఉంటుంది, నీరు పెద్దగా చేరదు. రెండు రోజుల నుంచి పది రోజుల లోపు, నోటితో తినడం మొదలయ్యాక ఆయాసం వస్తుంది. అప్పటికి డిశ్చార్జి అయి ఇంటికి చేరినవాళ్లూ ఉంటారు. ప్రమాదానికీ ఆయాసానికీ ఉన్న ముడి డాక్టర్‌కు చెప్పాల్సింది ఇంటివాళ్లే.

దెబ్బ లేకుండా వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది క్యాన్సర్‌ను, అందులోనూ లింఫ్ గ్రంథుల క్యాన్సర్ లింఫోమాను. అందుకే పాలరంగు నీరు వచ్చి, దెబ్బ తగిలిన దాఖలా లేకపోతే ఛాతీ, పొట్ట సీటీ స్కాన్ తప్పనిసరి. టీబీ వల్ల ఛాతీ మధ్య గ్రంథులు వాచి నాళాన్ని నొక్కినా ఇదే జరుగుతుంది. బిడ్డలు కనే వయసు స్త్రీలకు వచ్చే లామ్ అనే అరుదైన ఊపిరితిత్తి జబ్బులో ఇదొక గుర్తు. దానికి ఇప్పుడు సిరోలిమస్ మాత్ర ఉంది. కొందరు శిశువులు ఈ నీటితోనే పుడతారు. నవజాత శిశువుల ఛాతీలో నీరు చేరడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

టీబీ నీడలో దాగే జబ్బు

అసలు చిక్కు ఇక్కడుంది. ఛాతీలో నీరు చేరిన పెద్దవాళ్లకు మన దగ్గర మొదట గుర్తొచ్చేది టీబీ. అందులో తప్పు లేదు, అది మన ఊళ్లలో విస్తారంగా ఉన్న జబ్బు. తీసిన నీటిని ల్యాబ్‌కు పంపితే మాంసకృత్తులు, చక్కెర, కణాల లెక్క వస్తాయి. మాంసకృత్తులు ఎక్కువ, కణాల్లో లింఫోసైట్లు ఎక్కువ అని కాగితం వస్తే టీబీ అనే అనుమానం బలపడుతుంది. శోషరసంలోనూ లింఫోసైట్లే ఎక్కువ, చాలాసార్లు 80 శాతానికి పైన. మాంసకృత్తులూ ఎక్కువే. కాగితం మీద రెండు జబ్బులూ ఒకలాగే కనిపిస్తాయి.

నీరు తెల్లగా ఉంటే తెలిసిపోదా అని అడగవచ్చు. ఎప్పుడూ తెల్లగా ఉండదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 74 మంది కైలోథొరాక్స్ రోగుల నీటిని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో పాలరంగు కనిపించింది 44 శాతం మందిలోనే. మిగతావాళ్లలో పసుపుగానో, ఎర్రజీరతోనో ఉంది. కారణం సులువే. కొవ్వు తింటేనే శోషరసం తెల్లబడుతుంది. ఆయాసంతో నోటికి ముద్ద పోక, రెండు రోజులుగా గంజి తాగి గడుపుతున్న మనిషి ఛాతీలో తెలుపెక్కడిది?

దీనికి విరుగుడు ట్రైగ్లిజరైడ్ పరీక్ష. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు రక్తంలో కొలెస్టరాల్‌తో పాటు చేసేదే. అదే యంత్రంలో, అదే మందుతో ఛాతీ నీటిని పరీక్షిస్తే చాలు. ఖర్చు వందల్లోనే, ఫలితం ఆ రోజే. ఇంత సులువైన పరీక్షను ఎవరూ కాదనరు, అడగడం మరచిపోతారంతే. ఆరు నెలల టీబీ మందులు మింగుతూ, పది పదిహేను రోజులకొకసారి నీరు తీయించుకుంటూ, మందులు పనిచేయడం లేదని బాధపడే అవస్థ ఆ మరుపులోంచే పుడుతుంది.

టీబీ పరీక్షలు మానమని దీనర్థం కాదు. టీబీ వల్లే శోషరసం కారుతుండవచ్చు. అప్పుడు టీబీ మందులూ కావాలి, పథ్యమూ కావాలి. రెండు ప్రశ్నలూ ఒకే రోజు వేయాలి.

---

ఒక ట్యూబు, కొన్ని అంకెలు

▪ ఛాతీ నీటిలో ట్రైగ్లిజరైడ్ డెసిలీటరుకు 110 మిల్లీగ్రాములు దాటితే అది దాదాపుగా శోషరసమే.

▪ 50 లోపుంటే శోషరసం అయ్యే అవకాశం చాలా తక్కువ. అయితే రోగి ఉపవాసంలో ఉన్నాడా అన్నది చూసుకోవాలి.

▪ 50-110 మధ్య ఉంటే కైలోమైక్రాన్లు అనే కొవ్వు బిందువుల కోసం లైపోప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ చేస్తారు. ఇది పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది.

▪ ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే చీము అడుగుకు దిగి పైనీరు తేటపడుతుంది. శోషరసం తిప్పినా తెల్లగానే ఉంటుంది.

▪ ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పాత టీబీ నీరు, కీళ్లవాతపు నీరు కూడా తెల్లగా మెరవచ్చు. వాటిలో కొలెస్టరాల్ 200 దాటుతుంది, ట్రైగ్లిజరైడ్ తక్కువగా ఉంటుంది. దాన్ని దొంగ కైలోథొరాక్స్ అనవచ్చు.

---

బలానికని పోసే పాలు

జబ్బు తేలిన సాయంత్రం నుంచి ఇంట్లో మరో కష్టం మొదలవుతుంది. మనిషి చిక్కిపోయాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు చేతులూపుకుంటూ రారు. గిన్నెలో బర్రె పాలు, డబ్బాలో పాయ, సంచిలో నాటుకోడి గుడ్లు. ‘‘పాయ తాగు బావా, తాకత్ అస్తది’’ అంటాడు బావమరిది. ‘‘నెయ్యి ఏసి అన్నం పెట్టక్కా, మనిషి ఎట్లయిండో చూడు’’ అంటుంది చెల్లెలు. అందరిదీ ప్రేమే. కానీ ఈ జబ్బులో ఆ ప్రతి ముద్దా గండి దగ్గర వడిని పెంచుతుంది. కొవ్వు తిన్న కాసేపటికి, నీరు బయటికి పోయేలా ఛాతీలో పెట్టిన గొట్టం కింది సీసాలో నీరు పెరగడం కళ్లారా కనిపిస్తుంది.

సాధారణంగా రోజుకు పది గ్రాముల లోపు కొవ్వు తినమంటారు. ఆ పది గ్రాములు ఎంతో లెక్క కడితే ఇంటివాళ్లు నిర్ఘాంతపోతారు. ఒక చెంచా నూనెలో దాదాపు అయిదు గ్రాములు. పప్పుకు రెండు చెంచాలతో పోపు పెడితే రోజు వాటా పూర్తి. చిక్కటి బర్రె పాలు గ్లాసుడు తాగితే పది దాటిపోతుంది. గుడ్డులో అయిదు గ్రాములుంటాయి, అదంతా పచ్చసొనలోనే. పిడికెడు పల్లీలు రోజు వాటాను మించుతాయి. నువ్వులు, కొబ్బరి పచ్చడి, సకినాలు, గారెలు, పాయ అన్నీ పక్కన పెట్టాల్సిందే.

మరేం పెట్టాలి? అన్నం, నూనె చుక్క లేని జొన్న రొట్టె, మక్క గటక, పోపు లేని పప్పు, ఉడికించిన కూరగాయలు, వెన్న పూర్తిగా తీసిన మజ్జిగ, గుడ్డు తెల్లసొన, పండ్లు, బెల్లం. కామారెడ్డిలో బెల్లానికి కరువు లేదు. మాంసకృత్తులు తగ్గకుండా చూడటం ముఖ్యం, కారిపోతున్నవి అవే కదా. అందుకే తెల్లసొనలు, కొవ్వు తీసిన పాలపొడి, పప్పు ఎక్కువసార్లు పెట్టమంటారు.

ఇంకో ఊరట ఉంది. ఎంసీటీ నూనె అని మందుల షాపుల్లో అమ్ముతారు. అందులోని మధ్యస్థ గొలుసు కొవ్వులు శోషనాళాల దారి పట్టకుండా పేగు నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తాయి. గండి దగ్గరికి పోకుండానే ఒంటికి శక్తి అందుతుంది. కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి, లేకపోతే కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. దాంతో వేపుళ్లు చేయకూడదు, వండిన కూర మీద పోసుకోవాలి. కొబ్బరి నూనెలోనూ అవే కొవ్వులుంటాయని విని అది వాడేవాళ్లున్నారు. కొబ్బరి నూనెలోని కొవ్వులో ఎక్కువ భాగం ఈ పనికి నమ్మదగినది కాదు, ఎంసీటీ నూనెకు బదులుగా వాడవద్దు.

ఈ పథ్యం వారాలపాటు సాగుతుంది. విటమిన్ల మాత్రలు, అత్యవసర కొవ్వు ఆమ్లాల లెక్క డాక్టర్, డైటీషియన్ చూసుకోవాలి. కొందరికి నోటి తిండి పూర్తిగా ఆపి, సిర ద్వారానే పోషణ ఇస్తారు. అది ఆస్పత్రిలోనే సాధ్యం.

చనుబాలు తాగే శిశువుకు ఈ జబ్బు వస్తే తల్లి దుఃఖం మాటల్లో చెప్పలేం. తన పాలే బిడ్డకు పడవంటారు. ప్రత్యేక ఎంసీటీ పాలపొడి వాడతారు, కొన్ని ఆస్పత్రుల్లో తల్లి పాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కొవ్వు తీసేసి తిరిగి పట్టిస్తారు. ఆ తల్లికి మొదట చెప్పాల్సిన మాట: పాలు పిండి తీస్తూ ఉండాలి, ఆపకూడదు. చాలామంది శిశువులు కొన్ని వారాల్లో కోలుకుంటారు, మళ్లీ తల్లి దగ్గర తాగుతారు.

గండి పూడ్చే చికిత్సలు

పథ్యంతో, గొట్టంతో చాలామందికి రెండు వారాల్లో కారడం తగ్గుతుంది. ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ జోడిస్తే కొందరికి త్వరగా తగ్గుతుంది. అందరికీ పనిచేస్తుందని చెప్పేంత గట్టి ఆధారం మాత్రం ఇంకా లేదు. ప్రతి ఉదయం వార్డులో ఒకే తతంగం. సీసా మీది గీత దగ్గర పెన్నుతో గుర్తు, పక్కన తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు. నిన్న 900, ఇవాళ 600. ఆ అంకె తగ్గితే ఆ పూట ఇంటివాళ్లు కడుపునిండా తింటారు. కారడం బాగా తగ్గాక కొవ్వున్న భోజనం ఒకపూట పెట్టి చూస్తారు. సీసా కదలకపోతే గొట్టం తీస్తారు.

రోజుకు లీటరు దాటి కారుతూ అయిదు రోజులు గడిచినా, రెండు వారాలకు తగ్గకపోయినా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఒంట్లో సత్తువ మిగిలి ఉండగానే తర్వాతి మెట్టుకు వెళ్లాలి. దెబ్బ తగిలి ఇది వచ్చినవాళ్లలో 1948కి ముందు దాదాపు సగం మంది చనిపోయేవారు. ఆ ఏడాది లాంప్సన్ అనే సర్జన్ కారుతున్న థొరాసిక్ డక్ట్‌ను కట్టివేసి రోగిని కాపాడాడు. తర్వాతి దశకాల్లో మరణాలు బాగా తగ్గాయి. నాళాన్ని కట్టేస్తే ప్రమాదం కాదా? శోషరసం పక్క దారులు వెతుక్కుంటుంది, అందుకే మనిషి బతుకుతాడు. ఇప్పుడు ఈ ఆపరేషన్‌ను చిన్న గాట్లతో, కెమెరా సాయంతో చేస్తున్నారు. ఆపరేషన్‌కు ముందు ముక్కు గొట్టం ద్వారా మీగడ ఇస్తారు, తెల్లటి రసం ఉబికి గండి ఎక్కడుందో సర్జన్‌కు కనిపించడానికి. ఇన్నాళ్లూ శత్రువైన మీగడ ఆ ఒక్క పూట దారి చూపిస్తుంది.

కోత లేని దారి కూడా ఉంది. ఫిలడెల్ఫియాలో కాన్‌స్టాంటిన్ కోప్ అనే వైద్యుడు 1990ల్లో దీన్ని తీర్చిదిద్దారు. గజ్జల్లోని లింఫ్ గ్రంథిలోకి అల్ట్రాసౌండ్ సాయంతో సన్నటి సూది గుచ్చి లిపియోడాల్ ఎక్కిస్తారు. గసగసాల నూనెకు అయోడిన్ కలిపి చేసిన మందు అది. ఎక్స్‌రే తెర మీద శోషనాళాలు ఒక్కొక్కటే వెలుగుతాయి, గండి తెలుస్తుంది. తర్వాత పొట్ట మీది నుంచి సూదితో నాళంలోకి చేరి, సన్నటి తీగచుట్టలు, జిగురు పెట్టి మూసేస్తారు. 2010లో ప్రచురించిన 109 మంది అనుభవంలో నాళంలోకి చేరగలిగింది మూడింట రెండు వంతుల మందిలో. చేరి మూసినవాళ్లలో 90 శాతం మందికి కారడం ఆగింది. కొందరికి లిపియోడాల్ ఎక్కించడంతోనే గండి పూడుకుంటుంది. ఈ నైపుణ్యం ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులది. మన రోగులు అందుకోసం హైదరాబాద్ పెద్దాస్పత్రులకు వెళ్లాలి.

లింఫోమా కారణమైతే దానికి చికిత్సే అసలు మందు. నాళం మూసి ఊరుకుంటే సరిపోదు.

---

బోదకాలు, భీమవరం, ఒక మందు

శోషనాళాలను పాడుచేసే జబ్బుల్లో మన పల్లెలు ఎక్కువగా చూసింది బోదకాలే. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు ఏళ్ల తరబడి శోషనాళాల్లోనే కాపురం ఉంటుంది. కాళ్లు వాస్తాయి, వరిబీజం వస్తుంది, కొందరికి మూత్రం పాలరంగులో పోతుంది. ఛాతీలోకి కారడం మాత్రం అరుదు. రక్తంలోని పిల్ల పురుగులను చంపే డైఇథైల్ కార్బమజైన్‌ను 1947లో వెలుగులోకి తెచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం. ఆ పరిశోధనలను నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. ఇంటింటికీ ఆరోగ్య కార్యకర్తలు తెచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే. 2027 కల్లా బోదకాలును నిర్మూలించాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. ఇప్పటికే పాడైన నాళాలను ఆ మాత్ర బాగుచేయలేదు, పాడవకుండా మాత్రం కాపాడుతుంది. ఒళ్లు బాగుందని మాత్రను గూట్లో దాచేవాళ్లే ఆ లక్ష్యానికి అడ్డు.

---

ఎల్లారెడ్డి నుంచి హైదరాబాద్ దాకా

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి దాదాపు నలభై కిలోమీటర్లు. అక్కడి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైన. ఆయాసపడే మనిషిని బస్సులో కూర్చోబెట్టి తీసుకెళ్లే ఇంటివాళ్లకు ప్రతి కిలోమీటరూ బరువే. వెంట ఒకరు, ఇంటి దగ్గర పశువులకు ఒకరు. బీడీలు చుట్టే ఇల్లాలు రోజుల తరబడి ఆస్పత్రిలో ఉంటే ఆ వారం కూలి ఉండదు. కొడుకు గల్ఫ్‌లో ఉంటే ఫోన్‌లో రిపోర్టులు చూసి ఏమీ తోచక తల్లడిల్లుతాడు.

ఈ భారాన్ని తగ్గించగలిగేది మొదటి డాక్టరే. పెద్దాస్పత్రికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితంలో నీరు ఏ రంగులో వచ్చింది, ఎంత తీశారు, ట్రైగ్లిజరైడ్ ఎంత, టీబీ పరీక్షల్లో ఏమొచ్చింది అని నాలుగు వాక్యాలు రాస్తే హైదరాబాద్‌లో అవే పరీక్షలు మొదటి నుంచి చేయక్కర్లేదు. క్యాన్సర్ అనుమానమైతే ఎంఎన్‌జే ఆస్పత్రికి, పసిబిడ్డలైతే నీలోఫర్‌కు, పెద్దవాళ్ల ఛాతీ జబ్బయితే ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికో, ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లకో సూటిగా పంపవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షల రూపాయలకు పెంచారు. ఏ చికిత్స దాని కిందకొస్తుందో చేరకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

---

ఇంటివాళ్లు అడగాల్సినవి

‘‘తీసిన నీళ్లకు ట్రైగ్లిజరైడ్ పరీక్ష చేస్తారా సార్?’’

‘‘సూది పెట్టేముందు రోజు ఏం తిన్నాడో రాసుకున్నారా?’’

‘‘రోజుకెంత కొవ్వు దాకా పెట్టొచ్చు? ఎంసీటీ నూనె ఎంత?’’

‘‘ఎన్ని రోజులు చూస్తారు, తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు?’’

ఇటీవలి ఆపరేషన్, రోడ్డు ప్రమాదం, గట్టి వాంతులు, బరువు తగ్గడం, మెడలో గడ్డలు... ఇవేవి ఉన్నా అడగకముందే చెప్పండి.

---

కామారెడ్డి మెడికల్ కాలేజీ పెద్దలకు, జిల్లాలోని ప్రతి ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఒక విన్నపం. ఛాతీ నీటి పరీక్ష ఫారంలో మాంసకృత్తులు, చక్కెర, కణాలు, టీబీ పరీక్షల వరుసలో ‘ట్రైగ్లిజరైడ్’ అని ఒక గడి అచ్చు వేయించండి. కారణం తెలియని నీరు ఎవరికి చేరినా, అది ఏ రంగులో ఉన్నా, ఆ గడిలో టిక్కు పెట్టండి.